గొట్టము పగిలినప్పుడు కట్టవలసిన వాల్వు ఏది?
డిజిటల్ నీటి పటములలోని లోపములను కనిపెట్టి దిద్దుకొను విధము

పల్లెలో మంచినీటి గొట్టము పగిలిననాడు మొదట వినవచ్చు కేక "నీళ్లు కట్టండి" అనునదే. ఆ మాట చెప్పుట సులభము. ఏ వాల్వును కట్టినచో ఆ నీరు నిలుచునో, ఆ వాల్వు భూమిలో ఎచ్చట నున్నదో, దానిని కట్టుటవలన ఎవరి యింటి కుళాయి ఎండునో తెలిసికొనుట మాత్రము సులభము కాదు. పూర్వమీ విషయమంతయు ఊరి ఫిట్టరు జ్ఞాపకములో నుండెడిది. ఇప్పుడది క్రమముగా కంప్యూటరు పటములలోనికి ఎక్కుచున్నది. ఆ పటమును ఎంతవరకు నమ్మవచ్చును, అది తప్పు చెప్పినప్పుడు లోపము నెచ్చట వెదకవలెను అను విషయములను పంచాయతీ సభ్యులకు తెలియజేయుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పంచాయతీకి దీనితో నేమి సంబంధము?

1993 ఏప్రిల్ 24వ తేదీనుండి అమలులోనికి వచ్చిన రాజ్యాంగ 73వ సవరణ, పంచాయతీల కప్పగింపదగిన విషయములలో త్రాగునీటిని కూడ చేర్చినది. తెలంగాణమున మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న ప్రారంభమై, కృష్ణా గోదావరుల నీటిని గొట్టములద్వారా పల్లెలకు చేర్చినది. 2019 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన జల జీవన్ మిషన్, ప్రతి గ్రామీణ కుటుంబమునకును ఇంటి కుళాయిద్వారా మనిషి ఒక్కంటికి దినమునకు 55 లీటర్ల నీరు అందవలెనని నిర్ణయించినది. ఆనాటికి దేశమందలి గ్రామీణ కుటుంబములలో ఇంటి కుళాయి కలవి సుమారు 3 కోట్ల 23 లక్షలు మాత్రమే. అనగా ఇంచుమించు ఆరింట ఒకటి.

ఇంటింటికి కుళాయి వచ్చిన కొలదియు, కంటికి కనబడక భూమిలో దాగియున్న పంచాయతీ ఆస్తి పెరుగుచున్నది. ఈ ఆస్తిలో చిన్న చిల్లు పడినను నష్టము పెద్దది. పది మీటర్ల ఎత్తున నిలిచిన నీటి ఒత్తిడి గల గొట్టమునకు చిటికెనవ్రేలంత, అనగా 10 మిల్లీమీటర్ల రంధ్రము పడినదనుకొందము. గంటకు సుమారు 2,400 లీటర్ల నీరు అందుండి పోవును. రాత్రి ఎనిమిది గంటలలో 19,000 లీటర్లు దాటును. దినమునకు 55 లీటర్ల లెక్కను, ఇది సుమారు 350 మంది జనుల ఒకదినపు నీరు. కావున గొట్టము పగిలిన వెంటనే సరియైన వాల్వు కట్టుట ఫిట్టరు పని యని మాత్రమే తలపరాదు. ఇది పంచాయతీ పరిపాలనకు సంబంధించిన పని.

మేము చూచిన యొక సంఘటన

గత వేసవిలో మేమొక గ్రామమునకు పోయి యుంటిమి. ఊరి పేరు చెప్పుట అనవసరము. అట్టి ఊళ్లు పెక్కు కలవు. ఆ గ్రామమున నీటిట్యాంకునుండి పెద్దగొట్టము నడివీధి వెంట దిగి రామాలయము ముందరి కూడలికి వచ్చును. అచ్చట మూడు కొమ్మలుగా చీలును. తూర్పున బడివీధికి ఒకటి, పడమట కుమ్మరవీధికి ఒకటి, దక్షిణమున కొత్త కాలనీకి ఒకటి. ట్యాంకు క్రింద 1వ వాల్వు, బడివీధి మొదట 2వది, కుమ్మరవీధి మొదట 3వది, కాలనీ దారిన 4వది కలవు. కొన్ని యేండ్లకు పిమ్మట కాలనీకి నీరు చాలనందున, పంచాయతీవారు బడివీధి తూర్పు కొననుండి కాలనీకి మరియొక కలుపు గొట్టము వేయించిరి. దానిపై 5వ వాల్వు నుంచిరి.

మేమున్ననాడు బడివీధిలో గొట్టము పగిలినది. క్రొత్తగా చేరిన ఫిట్టరు సెల్‌ఫోనులో పటము తెరచి, పగిలిన చోటు చూపగా, 2వ వాల్వు ఒక్కటి కట్టిన చాలునని పటము చెప్పినది. అతడు కట్టెను. నీరు తగ్గినదే కాని నిలువలేదు. వాల్వు చెడిపోయినదని కొందరు, పటము పనికిరాదని కొందరు అనిరి. చివరకు ట్యాంకు క్రింది 1వ వాల్వునే కట్టి ఊరంతటికి నీరు నిలిపివేసిరి. విరమించుకొనిన వృద్ధ ఫిట్టరొకడు వచ్చి చూచి, "అయ్యా, ఈ నీళ్లు గుడికాడినుంచి రాలేదు. కాలనీ తిరిగి వెనకనుంచి వచ్చినయి" అని చెప్పువరకు అసలు సంగతి ఎవరికిని తట్టలేదు. 5వ వాల్వు ఎచ్చటనని చూడగా, అది సిమెంటు రోడ్డు క్రింద పూడియున్నది. ఆ పక్షమున 2వ వాల్వును, 4వ వాల్వును కట్టినచో, బడివీధికి, కాలనీకి మాత్రమే నీరు నిలిచి, తక్కిన ఊరికి నీరందెడిది. ఇది ఎవరికిని తోచనందున ఊరంతయు రెండు దినములు ట్యాంకరు కొరకు బిందెలతో నిలువవలసి వచ్చినది.

నీరు తిరిగి వదలినప్పుడు పల్లపు తట్టుననున్న కాలనీలో మురికినీరు వచ్చెను. పగిలిన చోటు మురుగు కాలువ ప్రక్కనే యుండెను. గొట్టము ఖాళీయై ఒత్తిడి తొలగినప్పుడు పగులుగుండ బయటి మురుగు లోనికి పీల్చుకొనబడును. సర్పంచి గారు వెంటనే టముకు వేయించి, నీరు కాచి త్రాగవలెనని చెప్పించుటచే అపాయము తప్పినది. ఒక్క వాల్వు విషయమై పటము చెప్పిన తప్పు ఎంతదూరము పోగలదో మేమానాడు కన్నులార చూచితిమి.

పటము వాల్వును కనుగొను రీతి

కాగితపు పటములో గొట్టము ఒక గీత మాత్రమే. డిజిటల్ పటములో ఆ గీతకు సంబంధములు కూడ ఉండును. ఈ గొట్టము ఆ గొట్టముతో కలిసినది, వీని నడుమ ఫలానా వాల్వు కలదు, అది తెరచియున్నది, ఈ గొట్టముమీద ఫలానా యిండ్ల కుళాయిలు కలవు అను వివరములు లోపల వ్రాయబడి యుండును. పగిలిన చోటు చూపినంతనే కంప్యూటరు ఆ సంబంధముల వెంట జాడ తీయును.

ఈ జాడతీయుట మూడు మెట్లుగా జరుగును. మొదట, పగిలిన చోటినుండి అన్ని దిక్కులకును గొట్టముల వెంట పోయి, ఏ దిక్కున మూయదగిన వాల్వు ఎదురగునో ఆ దిక్కున ఆగును. రెండవది, అట్లు దొరికిన వాల్వులలో ఏవి ట్యాంకు లేక బోరు తట్టున నున్నవో ఏరును. నీరు రాని దిక్కునగల వాల్వును కట్టకున్నను ప్రవాహము నిలుచును. మూడవది, ఆ వాల్వులు కట్టిన పిమ్మట నీరందని కుళాయిలు ఎవరెవరివో లెక్కించును. పగిలిన వీధిలో లేకున్నను, ఆ వీధిగుండనే నీరు పోవు ఇండ్లు కూడ ఈ లెక్కలోనికి రావలెను.

పై గ్రామమునే తీసికొందము. బడివీధిలో పగులు కలిగినప్పుడు సరియైన జవాబు 2, 5 వాల్వులు. 5వది పనిచేయనిదని పటమునకు తెలిపినచో అది దానిని దాటి కాలనీ గొట్టము వెంట పోయి 4వ వాల్వువద్ద ఆగును. అప్పుడు జవాబు 2, 4 అగును. 2వది చెడినచో జాడ కూడలికి పోవును. అచ్చట 1, 3, 4 ఎదురగును. నీరు వచ్చునది 1వ దాని నుండియే గనుక అది ఒక్కటి కట్టిన చాలును. కాని ఊరంతయు ఎండును. 3, 4, 5 వాల్వులను కూడ కట్టినచో కుమ్మరవీధి, కాలనీ గొట్టములలో నిలిచిన నీరు వెనుకకు జారి పగులుగుండ పోకుండును. ఒక్క వాల్వు చెడియుండుటచే ఎన్ని యిండ్లకు కష్టము కలుగునో ఇందువలన స్పష్టమగుచున్నది.

లోపముల గుర్తులు

పటము తప్పు చెప్పినప్పుడు ఆ తప్పు ఎట్టిదో గమనించినచో కారణము సగము తెలిసినట్లే. తప్పులు నాలుగు విధములుగా కనబడును.

1. వాల్వుల పట్టిక తక్కువగా వచ్చుట. ఇది అపాయకరమైన తప్పు. పటము చెప్పిన వాల్వు కట్టినను నీరు నిలువదు. ఇందుకు ముఖ్యకారణము గీతల నడుమ ఎడము. మేము చూచిన గ్రామమున కలుపు గొట్టము పటములో గీయబడియే యున్నది. చూచుటకు కలిసినట్లే యుండెను. పటమును పెద్దది చేసి చూడగా, కలుపు గొట్టము కొనకును బడివీధి గొట్టమునకును నడుమ జానెడు ఎడము కనబడెను. కంటికి అది కలిసినట్లే. కంప్యూటరు లెక్కకు మాత్రము బడివీధి అచ్చటితో ముగిసినది. ఇట్టిదే మరియొక కారణము వాల్వు జాతి తప్పుగా వ్రాయుట. గాలిని వెడలించు ఎయిర్ వాల్వుగాని, మడ్డిని కడుగుటకు ప్రక్కకు పెట్టిన స్కవర్ వాల్వుగాని గొట్టములోని ప్రవాహమును ఆపజాలవు. అట్టివానిని మూయదగిన వాల్వులుగా వ్రాసినచో జాడ అచ్చటనే ఆగిపోవును. రెండు పేటల నడుమ ఎల్లప్పుడు మూసియుంచు వాల్వును ఎవరైన వేసవిలో తెరచి, ఆ సంగతి పటములో వ్రాయకున్నను ఇట్లే జరుగును. ఉన్న రెండవ నీటి వనరు పటమునకు తెలియకుండుటయు ఇట్టిదే. దూరపు పథకపు నీటితోబాటు ఊరి బోరును కూడ అదే గొట్టమునకు కలిపిన గ్రామములలో దీనిని ముందుగా విచారింపవలెను.

2. పట్టిక మిక్కిలి పొడవుగా వచ్చుట. ఒక సందులోని పగులునకు ఊరిలోని వాల్వులన్నియు కట్టుమని పటము చెప్పును. ఇందుకు కారణము లేని కలయికను ఉన్నట్లు వ్రాయుట. బోరునుండి ట్యాంకునకు నీరెక్కించు గొట్టము వీధిగొట్టము మీదుగా దాటిపోవుచుండును. రెంటికిని సంబంధము లేదు. కాని పటములో గీతలు దాటిన చోట కలయిక పెట్టినచో జాడ ఒకదానినుండి మరియొకదానిలోనికి పోవును. వాల్వు గుర్తు గొట్టము మీద గాక దాని ప్రక్కన పెట్టబడి యున్నను ఇదే ఫలము. కంప్యూటరు ఆ వాల్వును చూడక దాటిపోవును.

3. పట్టిక సరిగానే యుండి, నేలమీద పని జరుగకుండుట. వాల్వు పటములో చూపిన చోట లేకుండుట, రోడ్డు క్రింద పూడియుండుట, తుప్పుపట్టి తిరుగకుండుట, తిరిగినను లోపలి తలుపు పూర్తిగా దిగకుండుట ఇందులోనివి. సాధారణమైన సెల్‌ఫోను ఉపగ్రహ సంకేతములతో చూపు స్థానము కొన్ని మీటర్లు అటునిటు కావచ్చును. పల్లె వీధి వెడల్పే అంతయుండును. కావున ఫోను చూపిన చుక్కను నమ్మి త్రవ్వినచో వీధికి ఎదుటి ప్రక్కన త్రవ్వినట్లగును.

4. పట్టికయే రాకుండుట. పగిలిన చోటుగా చూపిన చుక్క గొట్టము మీద పడకున్నను, నీటి వనరు ఏదియో పటములో గుర్తింపకున్నను జవాబు రాదు.

వెదకవలసిన క్రమము

లోపము కనబడగానే పటమంతయు తిరుగవ్రాయ నక్కరలేదు. ఈ క్రమమున వెదకిన చాలును.

మొదట, పగులు చుక్క సరియైన గొట్టము మీద నున్నదా చూడవలెను. ఒకే వీధిలో పాత గొట్టము, క్రొత్త గొట్టము ప్రక్కప్రక్కన నున్నప్పుడు ఇచ్చటనే పొరపాటు జరుగును.

రెండవది, పగులు సంగతి విడిచి, ట్యాంకునుండి క్రిందికి జాడ తీయుమని పటమును అడుగవలెను. ట్యాంకుతో కలిసిన గొట్టములన్నియు రంగు మారును. నీరు నిత్యము వచ్చుచున్న వీధి ఏదైన రంగు మారక మిగిలినచో, ఆ వీధి మొదట ఎడము కలదన్నమాట. నీటి సంబంధము లేని గొట్టమునకు రంగు పట్టినచో లేని కలయిక కలదన్నమాట. ఈ యొక్క పరీక్షతో పెక్కు లోపములు బయటపడును. అయితే రెండు దిక్కులనుండి నీరందు వీధికి ఒక దిక్కున తెగినను రంగు పట్టును. అట్టి చోట కలయికలను ఒక్కొక్కటిగా పెద్దవిచేసి చూడవలెను.

మూడవది, జాడ ఆగిన ప్రతి వాల్వు జాతి, స్థితి చూడవలెను. అది మూయదగినదా, ఇప్పుడు తెరచియున్నదా, తిరుగునా అను మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసియుండవలెను.

నాల్గవది, పటము పట్టుకొని వీధిలో నడువవలెను. ఫిట్టరును, ఆ వీధిలోని పెద్దవారిని, ముఖ్యముగా నీరు పట్టు స్త్రీలను అడుగవలెను. ఏ కుళాయికి మొదట నీరు వచ్చునో, దేనికి కడపట వచ్చునో వారికి తెలిసినట్లు మరెవరికిని తెలియదు.

ఐదవది, ముందుగా టముకు వేయించి, నీటివాడుక తక్కువగా నుండు వేళ పటము చెప్పిన వాల్వులను కట్టి, లోపలి కుళాయి నొకదానిని తెరచి చూడవలెను. నీరు కారి కారి నిలిచినచో పటము సరియైనది. ధార ఆగక వచ్చుచున్నచో మరియొక దారి కలదు.

ఆరవది, కనిపెట్టిన లోపమును గ్రామీణ నీటి సరఫరా శాఖ ఇంజనీరుకు వ్రాతమూలముగ తెలిపి పటమున దిద్దింపవలెను. దిద్దిన పిమ్మట సంబంధముల లెక్కను కంప్యూటరుచే తిరిగి వేయించుట, ఫిట్టరు ఫోనులోని పాత ప్రతిని మార్చుట మరువరాదు. గీత దిద్దియు లెక్క వేయనిచో జవాబు పాతదే వచ్చును.

వాల్వు త్రిప్పునప్పుడు

వాల్వు నెప్పుడును మెల్లగ త్రిప్పవలెను. పరుగెత్తు నీటిని ఒక్కసారిగా ఆపినచో ఆ ఊపు గొట్టమును కొట్టి మరియొకచోట పగులగొట్టును. ఎన్ని చుట్లకు పూర్తిగా మూసికొనునో లెక్కించి వ్రాసికొనవలెను. మరియొకమారు అన్ని చుట్లు తిరుగకయే ఆగిపోయినచో, లోపల రాయియో మడ్డియో అడ్డుపడినదని తెలియును. తిరిగి వదలునప్పుడు మెల్లగ వదలి, గాలి వెడలనిచ్చి, మొదటి నీటిని మడ్డి పోవువరకు విడిచిపెట్టవలెను. తరువాత చివరి కుళాయివద్ద క్లోరిను పరీక్షింపవలెను. లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెను. అంతవరకు ఆ నీటిని త్రాగరాదని ఇంటింటికి చెప్పింపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

ప్రతి వాల్వునకు ఒక సంఖ్య నిచ్చి, దగ్గరి గోడపై రంగుతో వ్రాయింపవలెను. గుడి మూల, బడి గోడ, కరెంటు స్తంభము వంటి కదలని రెండు గుర్తులనుండి టేపుతో కొలిచి, ఆ దూరములను ఒక పుస్తకములో వ్రాయింపవలెను. ఫోను చుక్క తప్పినను ఈ కొలత తప్పదు. ఏడాదికి రెండుమారులైన ప్రతి వాల్వును త్రిప్పించి చూడవలెను. సిమెంటు రోడ్డు వేయు పనికి అనుమతి నిచ్చునప్పుడు, వాల్వు గుంతల మూతలను రోడ్డు మట్టమునకు లేపవలెనని షరతు వ్రాయవలెను. బిల్లు చెల్లించుటకు ముందు ఆ మూతలను లెక్కింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. మేము చూచిన గ్రామమున కంప్యూటరు చేసిన తప్పేమియు లేదు. కలుపు గొట్టము వేసిననాడు కొలత తీయక, పిమ్మట ఎవరో జ్ఞాపకముమీద గీత గీసిరి. అంతియే. కందకము తెరచియున్నంత సేపు గొట్టమును అందరు చూడగలరు. పూడ్చిన పిమ్మట ఎవరును చూడలేరు. కావున క్రొత్త గొట్టము వేసినప్పుడు మట్టి కప్పుటకు ముందే కొలతలు తీయించి, పటము తీయించి, ఇంజనీరుకు పంపవలెనని పంచాయతీ తీర్మానము చేయవలెను. గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీ సభ్యులలో సగమునకు తగ్గకుండ స్త్రీలుండవలెనని నియమము కలదు. వాల్వుల తనిఖీకి వారిని కూడ వెంటబెట్టుకొని పోవుట మేలు.

వృద్ధ ఫిట్టరుల జ్ఞాపకము తరుగని ధనము కాదు. వారున్నప్పుడే ఒక ఉదయము వారిని వీధులవెంట నడిపించి, వారు చెప్పిన ప్రతి మలుపును, ప్రతి వాల్వును వ్రాయించుకొనినచో, ఆ జ్ఞానము రేపటి ఫిట్టరు చేతిలోని పటమునకు చేరును. ఆ గ్రామ పంచాయతీవారు అట్లే చేసిరి. 5వ వాల్వుపైని సిమెంటు పగులగొట్టించి క్రొత్త మూత పెట్టించిరి. మేము తిరిగి వచ్చు దినమున ఫిట్టరు పటము తెరచి బడివీధిని చూపగా, 2, 5 అని రెండు సంఖ్యలు వచ్చినవి. ప్రక్కన నిలిచిన వృద్ధుడు తలయూచి, "ఇప్పుడు సరిపోయింది" అనెను. ప్రతి పంచాయతీయు గొట్టము పగులకముందే ఈ పరీక్ష నొకమారు చేసికొనవలెనని మా మనవి.